ఎత్తిపెట్టమంటే ఎత్తుకుపోయినవాడు

ముందే చెప్పేస్తున్నాను: నేను పెంచి చెప్తాను. ఆపుకోవడం నా వల్ల కాదు. కామాటిపురలో మా సందు ఎంత వెడల్పని ఎవరైనా అడిగితే రెండు ఏనుగులు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చంటాను. నిజానికి ఒక చేతిబండీ, ఒక పొట్టమనిషీ ఎదురుపడితే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. ఆ పొట్టమనిషిని నేనే. మా ఆవిడ పెళ్లయిన కొత్తలోనే దీనికి ఒక లెక్క కనిపెట్టింది. నేను ఏ అంకె చెప్పినా నాలుగుతో భాగించి వింటుంది. కన్నీళ్ల సంగతైతే ఆరుతో. మీరూ అట్లాగే చదువుకోండి. ఒక్క ముక్క మాత్రం ఎంతతో భాగించినా నిలవదు, అది మొత్తం కల్పన. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషిని, ఆమాత్రం భయముంది.

మా తాత పాలమూరు నుంచి వచ్చి ముంబైలో సగం మేడలు కట్టాడు. మిగతా సగం ఆయన తమ్ముడు కట్టాడు. ఊరంతా అంత కట్టినాయన మాకు మిగిల్చింది ఈ చాల్‌లో, అంటే వరస గదుల పాత మేడలో, రెండో అంతస్తు మీద ఒక్క ఖోలీ. ఆ ఒక్క గదికి మధ్యలో చెక్కగోడ వేసి రెండు చేశాం. ఇటు నేనూ మా ఆవిడా, అటు మా తమ్ముడు. చెక్క అంటున్నాను గానీ అట్ట కంటే కొంచెం గట్టిది. అటు వాడు ఆవలిస్తే ఇటు మా ఆవిడ పోపులో ఆవాలు చిటపటమంటాయి.

తమ్ముడికి ముప్పై ఆరేళ్లు. స్కూలు బస్సు నడుపుతాడు. పొద్దున ఐదు ముప్పావుకల్లా బస్సులు ఆపే చోట ఉండాలి. వాణ్ని లేపడం నా పని. ఎవరిచ్చారని అడక్కండి, మా ఆవిడ రోజూ అడిగేది.

మా చాల్‌లో సూర్యుడికంటే ముందు నల్లా ఉదయిస్తుంది, నాలుగున్నరకే నీళ్లొస్తాయి. మా నీళ్ల హండాలు నింపి, వాడి హండాలు నింపి, ఆ తర్వాత లేపే కార్యక్రమం మొదలుపెట్టేవాణ్ని. మొదటి పిలుపు తేనెలాగా, "తమ్మీ" అని. రెండోది కొంచెం సాగదీసి. మూడోసారి ముక్కు దగ్గర చాయ్ గ్లాసు. నాలుగోసారి కాలి బొటనవేలు లాగడం. ఐదోసారి లైటు, ఫ్యాను, రేడియో కలిపి. ఆరో విడత వచ్చేసరికి పై అంతస్తులో ముసలాయన గ్యాలరీలోకి వచ్చి, "అరె, నేను లేచిన, మా కోడలు లేచింది, అటు సందుల కుక్క గూడ లేచింది. ఇగ వాణ్ని వొదిలెయ్ రా!" అని అరిచేవాడు. అప్పుడు మా తమ్ముడు ఒక కన్ను తెరిచేవాడు. నాకు ఆ కన్ను తెరుచుకోవడం చూస్తే సముద్రాన్ని రెండుగా చీల్చినంత గర్వం.

లేచాక సాక్సు వెతికేది నేను. చొక్కా ఇస్త్రీ నేను. డబ్బాలో కూర కారం సరిపోయిందా అని రుచి చూసేది నేను. వాడు ఎప్పుడైనా పోలేకపోతే బస్సుల కాంట్రాక్టరుకు వాడి గొంతుతో ఫోన్ చేసి "జలుబు సార్" అని దగ్గేది కూడా నేనే. ఆ గొంతు నాకెంత బాగా పట్టుబడిందంటే, ఒకరోజు వాడే స్వయంగా ఫోన్ చేస్తే కాంట్రాక్టరు "ఎవరు మాట్లాడేది?" అన్నాడట.

నేను ఫోరస్ రోడ్డు మీద అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేస్తాను. కొన్ని పెట్టెల మీద గాజుగ్లాసు బొమ్మ అచ్చేస్తాం. లోపల పగిలే సామానుంది, మెల్లగా దించండి అని దాని అర్థం. మా నాయన పోయినప్పుడు తమ్ముడికి ఆరేళ్లు. ఆ రోజే నేను ఆ గ్లాసు బొమ్మ వాడి నొసటి మీద అచ్చేశాను. ముప్పై ఏళ్లయినా చెరపలేదు. వాడు నవ్విన రోజు నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువ పోయేది. వాడు ముఖం ముడుచుకుంటే నా కంచం అట్లాగే ఉండేది. వాడికి జ్వరమొస్తే మందు నేను వేసుకునేవాణ్ని. దీన్ని ప్రేమనే అనుకున్నాను. కొంత ప్రేమే. మిగతాది ఏమిటో అప్పటికి తెలియదు.

పైగా దేవుడే ఈ పని నాకు అప్పగించాడని నా దగ్గర కాగితం కూడా ఉంది.

మా అమ్మ నడివయసులో ప్రభువును నమ్ముకుంది. ఆమె వెనకే నేను. మా చాల్‌లో అట్లాంటి ఇళ్లు నాలుగైదే, మిగతా వాళ్లంతా గణపతి, బోనాలు. ఏ తకరారూ లేదు. మా కేకు వాళ్లు తింటారు, వాళ్ల మోదకాలు నేను నలభై ఎనిమిది తింటాను. సరే, భాగించినా పన్నెండు. మా తెలుగు సంఘంలో ఒక ఆచారముంది. జనవరి ఒకటో తారీఖు పొద్దున ఆరాధన అయ్యాక స్టీలు పళ్లెంలో వాగ్దాన కార్డులు బోర్లించి పెడతారు. ఒక్కొక్కరూ పోయి కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. అందులో ఏ బైబిలు వాక్యముంటే ఆ ఏడాదికి అది మనది. పక్కవాళ్లకు దీవెన, నెమ్మది, దీర్ఘాయువు వచ్చాయి. నాకు మాత్రం ఒకరి బరువులు ఒకరు మొయ్యాలనే మాట వచ్చింది.

ఏడాది పోతే కార్డు మారాలి. నేను మార్చలేదు. కొత్త కార్డులు డబ్బాలో వేసి, ఆ పాతదానికి ఫ్రేము కట్టించి, చెక్కగోడకు మేకు కొట్టి తగిలించాను. తొమ్మిదేళ్లు దాన్నే చూసుకుంటూ హండాలు మోశాను. అది నాకు వాగ్దానం కాదు, ఉద్యోగం ఆర్డరు. మేకు పొడుగుది కావడంతో చెక్క దాటి తమ్ముడి వైపు మూడంగుళాలు పొడుచుకొచ్చింది. వాడు తిట్టలేదు. దానికి చొక్కా తగిలించుకోవడం మొదలుపెట్టాడు.

ఇట్లా సాగుతుండగా వాడికి ఒక సంబంధం వచ్చింది.

దాదర్‌లో పిల్ల మేనమామ ఇంట్లో చూపులు. పిల్ల దవాఖానాలో రక్తపరీక్షల దగ్గర పనిచేస్తుందట. చూపు కూడా సూదిలాగే ఉంది. తలొంచుకుని కూర్చునే రకం కాదు. సూటిగా మా తమ్ముణ్ని అడిగింది, "మీకు వంట వస్తదా?" అని.

"వస్తది గాని కారం తక్కువ తింటడు," అన్నాను నేను.

"ముంబై బయట ఎక్కడన్న తిరిగిన్రా?"

"లోనావ్లా దాక పోయిండు. బస్సుల వాంతి చేసుకున్నడు. కిటికీ పక్కన కూసోబెట్టాలె," అన్నాను.

బస్సు నడిపేవాడికి బస్సు పడదని పెళ్లివారికి చెప్పిన మొదటి అన్నను బహుశా నేనే.

పిల్ల ఫలహారం ప్లేటు కింద పెట్టి, "అన్నా, ఒక్క మాట. మీ తమ్మునికి నాలుక ఉన్నదా, ఇంట్ల మర్చి వచ్చిండా?" అంది.

"ఉన్నది," అన్నాను. అది కూడా నేనే.

రెండు రోజులకు కబురొచ్చింది. పిల్లకు పిల్లగాడు నచ్చాడట. గాని అన్నను కూడా కలిపి చేసుకోవడం తన వల్ల కాదందట. ఆ రోజు తమ్ముడు అన్నం తినకుండా గోడకు తిరిగి పడుకున్నాడు. మా ఆవిడ నా కంచంలో అన్నం వడ్డిస్తూ, "పెండ్లి నీకే అని ముందే చెప్తే నేను గూడ మంచి చీర కట్టుకొస్తుంటి గదయ్యా," అంది. తర్వాత నవ్వు ఆపి, నెమ్మదిగా, "వాణ్ని నువ్వు మోస్తలేవు. పట్టుకున్నవ్. వాడు జారిపోతే నువ్వు పడిపోతవని భయం నీకు," అంది.

దాన్ని నాలుగుతో భాగించి చూశాను. ఏమీ తగ్గలేదు.

మా చాల్‌లో కింది అంతస్తులో ఒక అవ్వ ఉంటుంది, మా సంఘంలో అందరికంటే పెద్దామె. వయసు ఎనభై. నాలుగుతో భాగిస్తే ఇరవై వస్తుంది, ఆమె ఏమీ అనుకోదు. వయసులో ఉన్నప్పుడు కట్టే మేడల మీదికి సున్నం తట్టలు మోసింది. మెడ ఇప్పటికీ మేకులాగా నిటారు. మర్నాడు నల్లా దగ్గర వరసలో ఆమె వెనక నిలబడి నా గోడు మొదలుపెట్టాను: తమ్ముడి కోసం ఎంత చేశానో, పిల్ల ఎంత మాటందో, ఈ లోకంలో మంచితనానికి చోటెట్లా లేదో. అవ్వ హండా నిండింది. తలమీద కుదురులాగా సుట్టబట్ట పెట్టుకుని, "జర ఎత్తిపెట్టు కొడుకా," అంది.

నేను హండా ఎత్తి, నా భుజానికే పెట్టుకుని, గబగబా ఆమె గడప దాకా మోసి, దించి, మెచ్చుకోలు కోసం వెనక్కి తిరిగాను. అవ్వ నల్లా దగ్గరే నిలబడి ఉంది, ఉత్త సుట్టబట్టతో.

"ఏడికి తీస్కపోయినవ్ రా?"

"నీ ఇంటికే అవ్వా."

"ఎవలు తీస్కపొమ్మన్నరు? ఎత్తిపెట్టుమన్న. ఎత్తుకపొమ్మన్ననా? తే ఇటు!"

వరసంతా నవ్వింది. నిండు హండా మళ్లీ మోసుకొచ్చాను. ఈసారి ఆమె ఒక పక్క పట్టింది, నేను ఒక పక్క. ఇద్దరం కలిసి లేపాం. తలమీద కుదురుకోగానే ఆమె నా చేతిని తట్టి "ఇడువు" అంది. వదిలాను. ఒక్క చుక్క తొణక్కుండా నడుచుకుంటూ పోయింది. ఆ నడక వెనక నేను పిల్లిలాగా పోయాను.

గడపలో కూర్చోబెట్టి చెప్పింది. "పని కాడ నిండు తట్టను ఎవ్వలంతట వాళ్లు నెత్తికి ఎత్తుకోలేరు. పక్కామె చెయ్యి వెయ్యాలె. ఎయ్యకుంటే పాపం. గాని చెయ్యి వేసినామె తట్టనే ఎత్తుకపోయిందనుకో, ఈమె ఉత్తగ నిలవడాలె, ఆమెకు రెండు తట్టల బరువు. పైనుంచి మేస్త్రి ఇద్దర్నీ తిడ్తడు. నువ్వు ముప్పై ఏండ్ల సంది నీ తమ్మున్ని ఉత్త సుట్టబట్టతోటి నిలవెట్టినవ్ రా."

"వాక్యమే చెప్పింది కద అవ్వా, బరువులు మొయ్యాలని."

"బైబిలు తీయ్. నాకు కండ్లు కనవడయ్. నీ కార్డు వాక్యం కాడికి పో. పోయినవా? మూడు వచనాలు కిందికి దిగు."

దిగాను. అక్కడ ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలని ఉంది. తొమ్మిదేళ్లు ఫ్రేము కట్టి చూసిన మాటకు మూడంటే మూడే మెట్లు కింద. ఆ మూడు మెట్లు దిగి చూడలేదు నేను. కార్డు మీద చోటు లేదు కదా.

"అవ్వా, ఇది దానికి ఎదురు కద?"

"ఎదురెట్లయితది? ఒకటి ఎత్తిపెట్టేటోనికి. ఇంకోటి నడిచేటోనికి." ఆగి, నా మోకాలి మీద చెయ్యేసి, "ఇంకో సంగతి ఇను. ఈ లోకానికి రక్షకుడు ఒక్కడే. ఆ జాగ ఎప్పుడో నిండింది. నీ దరఖాస్తు వాపస్ తీస్కో," అంది.

నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. ఎంత ఏడ్చానో చెప్పను, మీరు ఆరుతో భాగిస్తారు. ప్రతి ఆదివారం చేతులెత్తి, తమ్ముణ్ని నీ చేతికే అప్పజెప్తున్నా ప్రభువా అనేవాణ్ని. సోమవారం నాలుగున్నరకు వెనక్కి తీసుకునేవాణ్ని. ఆయన కూడా ఏమనుకుని ఉంటాడు! వాడికి నా అవసరం లేకపోతే నేనెవరికి పనికొస్తానన్నదే నా భయం. ఆ గడపలో కూర్చుని మొదటిసారి ఆ భయాన్నే ప్రార్థనగా చెప్పాను. ఉరుములేమీ రాలేదు. ఒక్క హండా మొయ్యకముందే, ఒక్కణ్ని లేపకముందే నేను ఆయనకు కొడుకునేనని మాత్రం తోచింది. చిన్న సంగతి. ప్రతి పాటలో పాడేదే. నాకు వినపడ్డానికి అన్నేళ్లు పట్టింది.

ఆ సాయంత్రం తమ్ముడితో చెప్పేశాను, "రేపటి సంది నేను లేప."

"సరే అన్నా," అన్నాడు. అంతే.

ఇక్కడ అసలు చిక్కు. కాంట్రాక్టరుకు ఒక నియమముంది: మూడు లేట్లయితే బస్సు తాళంచెవి తీసుకుంటాడు. వాడికి అప్పటికే రెండయ్యాయి. ఒకసారి నేను పెళ్లికి పాలమూరు పోయినప్పుడు, ఇంకోసారి నాకు జ్వరమొచ్చి గొంతు పోయినప్పుడు. ఇక మిగిలింది ఒక్కటే. వాడు లేవకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే పిల్ల సంగతి కూడా పోయినట్టే.

మర్నాడు నాలుగున్నర. నల్లా వచ్చింది. నా హండాలు మాత్రమే నింపాను. వాడి హండాలు ఖాళీగా నన్ను చూసి నోరు తెరిచాయి. లోపలికొచ్చి చాప మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. ఐదయింది. "తమ్మీ" అనే మాట గొంతులోకి పద్దెనిమిదిసార్లు వచ్చింది. మింగాను. మా ఆవిడ నా లుంగీ కొస పట్టుకుని, "కూసో," అంది. పై అంతస్తు ముసలాయన గ్యాలరీలోంచి వంగి, "ఏమాయె? ఇయ్యాల అరుస్తలేవు? పాణం మంచిగుందా?" అన్నాడు. ఆయన కూడా నా పిలుపు కోసమే పడుకున్నాడట.

సరిగ్గా ఐదుంబావుకు పక్క తలుపు తెరుచుకుంది. తమ్ముడు బయటికొచ్చాడు. తల దువ్వి, బూట్లు తళతళలాడుతూ, చొక్కా ఇస్త్రీ మడత మీద ఉల్లిగడ్డ కోయొచ్చు. గ్యాలరీలో జనం చప్పట్లు కొట్టారు. వాడు సైనికుడిలాగా మెట్లు దిగి పోయాడు. నాకు ఆనందబాష్పాలు.

ఇక ఒప్పుకునే సమయం వచ్చింది. ఏనుగులు అబద్ధమని మీకు ముందే తెలుసు. అవ్వ నిజం. హండా నిజం. "నాలుక ఉన్నదా" అన్న పిల్ల, నా దురదృష్టం కొద్దీ, అక్షరాలా నిజం. పూర్తిగా కల్పించింది ఇప్పుడు చెప్పిందే, ఐదుంబావు, చప్పట్లు, ఉల్లిగడ్డ కోసే మడత. అట్లా జరిగి ఉంటే బాగుండునని మొదట్లో అందరికీ అట్లాగే చెప్పుకున్నాను.

జరిగింది ఇది. ఐదు నలభైకి పక్క తలుపు దడాలుమంది. తమ్ముడు ఒక కాలికే బూటుతో, చొక్కా సగం గుండీలతో వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, లేపలే!"

"లేపనని చెప్పిన గదరా."

"నేను నాలుగున్నరకే లేచిన. పిలుస్తవేమోనని పండుకుని చూస్తున్న."

"లేచి పండుకునుడు ఏందిరా?"

"రోజు గంతే గద! నల్లా చప్పుడుకే నాకు మెలకువైతది. నువ్వు అంత కష్టపడి పిలుస్తవ్. మొదటి పిలుపుకే లేస్తే నీ మొఖం చిన్నగైతది. చిన్నప్పుడు ఒకపారి లేచిన. దినమంతా మాట్లాడలే నువ్వు. నువ్వు పాలమూరు పోయిననాడు గూడ కండ్లు తెరుచుకునే పండుకున్న. పిలుపు లేకుంటే కాళ్లు నేలకు ఆనవు."

ఆ పొద్దున గంటసేపు, చెక్కగోడకు అటొకడూ ఇటొకడూ, ఇద్దరం మేలుకునే ఉన్నాం. ఒకడు పిలుపు కోసం, ఒకడు పిలుపు మింగుతూ. నేను వాణ్ని ముప్పై ఏళ్లు మోశాననుకున్నాను. నన్ను మోసింది వాడు.

పరుగెత్తాడు. పది నిమిషాలు లేటు. మూడోది. తాళంచెవి తీసుకున్నారు. తొమ్మిదికి తిరిగొచ్చి గడపలో కూర్చున్నాడు. అప్పటికే నా చేతిలో ఫోనుంది, గొంతు వాడి గొంతుకు సవరించుకుని ఉన్నాను. మా ఆవిడ వెల్లుల్లి గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, "ఒలువు. రెండు చేతులతోటి," అంది.

తమ్ముడు లేచాడు. "ఫోన్ కింద పెట్టన్నా. నా బస్సు. నేనే పోయి అడుగుత." గడప దాటి, మళ్లీ తిరిగి చూశాడు. "చెయ్యి వేసుడు వేరు, ఎత్తుకపోవుడు వేరని రాత్రి వదినతోటి నువ్వే చెప్తివి గద. చెక్కగోడ, అన్నీ ఇనవడ్తయ్. ఇగ ఆ చెయ్యేదో వెయ్యి. ప్రార్థన చెయ్యి. పొడుగు చెయ్యకు, ఇంకింత లేటైతది."

వాడు జన్మలో నన్ను అడగని మాట అది. వెల్లుల్లి చేతులతోనే వాడి తలమీద చెయ్యి పెట్టాను. "ప్రభువా, వీడు పోతున్నడు, తోడుండు," అన్నాను. నా జీవితంలో అంత చిన్న వాక్యం అంతకుముందు లేదు. తర్వాత, అవ్వ నేర్పినట్టే, చెయ్యి వదిలాను.

వాడు ఒక్కడే పోయాడు. ఏం మాట్లాడాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు. ఒక నెల అదే బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పని చెయ్యి, ఒక్క రోజూ లేటవకపోతే చూద్దామన్నాడట కాంట్రాక్టరు. నెల తర్వాత తాళంచెవి తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టి చూపించాడు. మధ్యలో నేను కాంట్రాక్టరుకు ఫోన్ చెయ్యలేదు. ఒకసారి నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాను. అవ్వకు చెప్తే "సరే, నేర్చుకుంటున్నవ్" అంది.

పిల్ల తరపువాళ్లు మళ్లీ చూద్దామని కబురు పంపారు. ఒకే ఒక షరతు: అన్నను వంటింట్లో కూర్చోబెట్టాలి. ఒప్పుకున్నాను. తమ్ముడు చర్చికి వస్తాడా అంటే, రాడు. క్రిస్మస్‌కు కేకు కోసం వస్తాడు. చెయ్యి పట్టి లాగాలని నాకు దురద పుడుతుంది. అప్పుడు చేతులు తొడల కింద పెట్టుకుంటాను.

ఫ్రేము తీసెయ్యలేదు. అందులో పాత కార్డు కింద, మూడు మెట్ల కిందున్న ఆ రెండో వాక్యాన్ని నా చేత్తో రాసి పెట్టాను. ఇప్పటికీ నాలుగున్నరకు లేస్తాను. హండాలు నింపుకుని, చాయ్ తాగుతూ దాని ఎదురుగా కూర్చుంటాను. ఇది రాసింది కూడా అట్లా కూర్చునే. ఐదు కాగానే అటు వైపు వాడు మేకు మీది చొక్కా తీసుకుంటాడు, ఇటు వైపు ఫ్రేము కొంచెం కదులుతుంది.

రోజూ కదులుతుంది. దీన్ని మాత్రం దేనితోనూ భాగించకండి.